నాలుగు వేళ్ల ఊరు

సీటు తయారయ్యాక ఆమె దాని మీద అరచెయ్యి ఆనించి ఒంటి బరువంతా మోపుతుంది. కాసేపు అలాగే ఉంటుంది. చెయ్యి తీస్తుంది. గుడ్డ మీద పడిన గుంట మెల్లగా పైకి తేలుతుంది. అది పూర్తిగా సమమయ్యేదాకా చూసి, తల ఊపి, పక్క సీటుకు జరుగుతుంది.

పనిలో మొదలైన అలవాటు. ఇంటిదాకా వచ్చింది. బస్సు ఎక్కితే ఖాళీ సీటును నొక్కి చూస్తుంది. బాగుంటే పక్కనున్న ముసలాయనకు చూపించి తను నిలబడుతుంది. చుట్టాలింట్లో సోఫా నొక్కుతుంది. తన ఇంటికి ఎవరైనా వస్తే కుర్చీ ముందుకు లాగి, నొక్కి, అప్పుడు "కూర్చోండి" అంటుంది. చూసేవాళ్లకు కుర్చీకి జ్వరం వచ్చిందేమో చూస్తున్నట్టు ఉంటుంది.

ఆమె విమానాల సీట్లకు తొడుగులు తొడుగుతుంది.

విమానాశ్రయం కంచెకు ఇవతల రేకుల కప్పుతో పొడవాటి షెడ్డు ఒకటి ఉంది. పాతబడిన సీట్లు అక్కడికి వస్తాయి. మూడేసి సీట్లు ఒకే ఇనప కమ్మీకి అతుక్కుని ఉంటాయి. వాటి పాత గుడ్డ విప్పేసి, స్పాంజి తీసేసి, అస్థిపంజరాన్ని ఒక పక్క నిలబెడతారు. ఒక బల్ల మీద కొత్త గుడ్డ కత్తిరిస్తారు. కిటికీ పక్కన మిషన్ల మీద కుడతారు. ఒక మూల స్పాంజి కోస్తారు. చివరి బల్ల ఆమెది. కుట్టిన తొడుగును తిరగేసి, స్పాంజి మీదకు లాగి, మూలలు సర్ది, వెనక వదిలిన సందును వంకర సూదితో కుట్టి మూసేస్తుంది. చూడడానికి దిండుకు గలీబు వేసినట్టే ఉంటుంది. తేడా వేళ్లకు తెలుస్తుంది. బిగువు కోసం తొడుగును ఎప్పుడూ సీటు కన్నా కొంచెం చిన్నదిగానే కుడతారు. ఆ కొంచెం ఆమె చేతుల్లోంచి రావాలి.

నిలబడి చేసే పని. పొద్దున వచ్చింది మొదలు సాయంత్రం దాకా ఆమె కూర్చోదు. అన్నం కూడా బల్లకు ఆనుకుని తింటుంది. చాలా ఏళ్లు అలా గడిచాక, కూర్చుంటే నడుం పట్టేయడం మొదలైంది. సినిమాకు వెళితే వెనక గోడకు ఆనుకుని చూస్తుంది. షెడ్డులో ఆమెను నిలువక్క అంటారు. ఆ పేరు పెట్టిన మనిషి పని మానేసి వెళ్లిపోయింది. పేరు ఉండిపోయింది.

తను తొడిగిన సీట్లలో ఒక్కదాని మీదా ఆమె కూర్చోలేదు. కూర్చుంటే గుడ్డ ముడత పడుతుందని చేరిన రోజే మేస్త్రీ చెప్పాడు. ఆ మేస్త్రీ మారాడు. తర్వాతి మేస్త్రీ కూడా మారాడు. మాట అలాగే ఉంది. విమానం ఎక్కే అవసరం ఆమెకు రాలేదు. వేరే ఊళ్లో ఉండే చెల్లెలే ఆ అవసరం రానివ్వలేదని తర్వాత తెలిసింది.

షెడ్డులో దూరాన్ని వేళ్లతో చెప్పుకుంటారు. స్పాంజి మందం నుంచి వచ్చిన మాట అది. దగ్గర ఊళ్ల మధ్య తిరిగే విమానాల సీట్లకు రెండు వేళ్ల మందం చాలు. ఇంకా దూరం పోయేవాటికి మూడు, నాలుగు. పగలంతా గాల్లోనే ఉండేవాటికి అయిదు. అందుకని అక్కడ ఎవరైనా ఏ ఊరి పేరెత్తినా "ఎన్ని వేళ్లు?" అని అడుగుతారు. గుడ్డ కత్తిరించే అమ్మాయికి బయటి ఊరి సంబంధం వచ్చినప్పుడు షెడ్డంతా ముందుగా అడిగింది పిల్లవాడి ఉద్యోగం గురించి కాదు.

"ఎన్ని వేళ్లవాడే?"

"రెండు."

"పర్లేదు," అన్నాడు స్పాంజి కోసే పెద్దాయన. "మధ్యాహ్నం అలిగితే రాత్రి భోజనానికి మీ అమ్మ దగ్గరుండొచ్చు."

ఆయన్ను అందరూ బాబాయి అంటారు. స్పాంజి పొడి పడి ఆయన కనుబొమ్మలు ఎప్పుడూ పసుపుపచ్చగా ఉంటాయి.

నిలువక్కకు ఒక చెల్లెలు. పుట్టింటివైపు ఇంకెవరూ లేరు. అమ్మా నాన్నా పోయాక ఇద్దరే మిగిలారు. చెల్లెలు చిన్నవయసులోనే పని కోసం వేరే ఊరు వెళ్లి, కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీయడం నేర్చుకుని అక్కడే స్థిరపడింది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే "దగ్గరివి నాకు సరిగ్గా కనబడవండీ" అనేది. అడిగినవాళ్లు కళ్లజోడు గురించి అనుకునేవారు.

ఏడాదికోసారి చెల్లెలు వచ్చేది. రెండు ఊళ్ల మధ్య ఒక విమానం ఉంది. రావడానికి ముందురోజు ఫోన్ చేసి ఎప్పుడూ ఒకే మాట చెప్పేది.

"పొద్దున ఎనిమిదింటికి ఎక్కుతానక్కా. పదకొండింటికల్లా మీ ఊళ్లో ఉంటా."

తిరిగి వెళ్లేటప్పుడు టికెట్టు మీద వేరే లెక్క ఉండేది. మధ్యాహ్నం ఒంటిగంటకు ఎక్కడం, రాత్రి పదింటికి దిగడం. రావడానికి మూడు గంటలు, పోవడానికి తొమ్మిది. మొదటిసారి ఆ టికెట్టు చూసినప్పుడు నిలువక్కకు ఆశ్చర్యం వేసింది. భర్తకు వెయ్యలేదు.

ఆయన బస్సు డ్రైవరు. ఊరి మధ్య నుంచి కొండ మీది కాలనీకి బస్సు నడుపుతాడు. ఎక్కేటప్పుడు రెండో గేరులో మూలుగుతూ ఎక్కుతుంది. దిగేటప్పుడు బ్రేకు మీద కాలుంటే చాలు. టికెట్టు చేతిలోకి తీసుకుని చూసి, ఆయన వెంటనే తేల్చేశాడు.

"ఇందులో ఏముంది? రావడం పల్లం. పోవడం ఎగువ."

"ఆకాశంలో పల్లమేమిటండీ?"

"భూమే గుండ్రంగా ఉన్నప్పుడు ఆకాశం బల్లపరుపుగా ఎలా ఉంటుందే? పైగా ఎదురుగాలి. మా రూట్లో అయితే మైలురాళ్లు ఉంటాయి, అడిగినవాడికి చూపిస్తాం. పైన అవి పాతలేరు. అందుకే నీకు అర్థం కావట్లేదు."

ఆ రోజు చెల్లెలు గుమ్మం దగ్గర నిలబడి ఉంది. ఆమె నవ్వింది.

అప్పటినుంచి పల్లం అనేది ఆ ఇంట్లో ఒక మాట అయిపోయింది. చెల్లెలి రాక ఆలస్యమైతే "పల్లమే కదా, వచ్చేస్తుందిలే" అనుకునేవారు. ఆమె వెళ్లేరోజు నిలువక్క రెండు పూటలకు సరిపడా తిండి కట్టేది. "ఎగువ కదా, ఆకలేస్తుంది." షెడ్డులో బాబాయి ఎప్పుడో అడిగితే "మూడు గంటలు" అంది. "అయితే రెండు వేళ్లు," అన్నాడాయన. చెల్లెలిది రెండు వేళ్ల ఊరు అయిపోయింది. ఎవరు అడిగినా ఆమె "మా చెల్లెలు ఇక్కడికిక్కడే" అనేది.

అందుకే ప్రతిసారీ చెల్లెలే వచ్చేది. ఇందులో ఎవరికీ అన్యాయం కనబడలేదు. దగ్గరున్నవాళ్లు రావాలి. దూరమున్నవాళ్లు ఎదురుచూడాలి.

వచ్చాక మాత్రం చెల్లెలు చాలాసేపు కూర్చునేది కాదు. నిలువక్క కుర్చీ లాగి, నొక్కి, "కూర్చోవే" అంటే, "కూర్చుంటాలే అక్కా" అని గుమ్మం పట్టుకుని నిలబడేది. ఒక కాలి మీద బరువు వేసి, తర్వాత రెండో కాలి మీద వేసి. వంటింట్లోకి, వరండాలోకి తిరిగేది.

"వచ్చీ రాగానే కాళ్లకి చక్రాలు కట్టుకుంటావు," అనేది అక్క.

"నీ చెల్లెల్నే కదా. నిలువచెల్లి."

ఈ ఏడు చెల్లెలు రాలేదు.

ఒక సెలవురోజు పొద్దున, ఇక్కడ కాఫీ తాగుతున్నప్పుడు, ఫోన్ వచ్చింది. అక్కడ అప్పటికే వంట అయిపోయిందంది. మాటలు అటూ ఇటూ తిరిగాక అసలు సంగతి చెప్పింది.

"అక్కా, ఈసారి నేను రాలేనేమో. తుంటి దగ్గర నొప్పిగా ఉంటోంది. డాక్టరు ఎక్కువసేపు కూర్చోవద్దన్నాడు. నువ్వే రాకూడదూ?"

"నేనా? అంత దూరం నావల్ల అవుతుందా?"

"దూరం..." అని చెల్లెలు ఆగింది.

"నీదంటే పల్లం. నాకు ఎగువ. తొమ్మిది గంటలు కూర్చుంటే నా నడుం ఉంటుందా?"

"డబ్బాలో వేసుకొచ్చెయ్, ఇక్కడ అతికిద్దాం."

"హాస్యాలొద్దు. ఎక్కువసేపు కూర్చోవద్దన్నాడు, సరే. మూడు గంటలు ఎక్కువసేపా? మూడు గంటలు కూడా కూర్చోలేవా నాకోసం?"

చివరి మాట అనుకోకుండా వచ్చింది. వచ్చాక అక్కడే ఉంది.

"లేనులే అక్కా," అంది చెల్లెలు. "ఉంటా మరి."

ఆ తర్వాతి సెలవురోజు ఫోన్ రాలేదు. దాని తర్వాతదీ అంతే. నిలువక్క కిటికీ గట్టు మీద ఫోన్ పెట్టి, దాని చుట్టూ ఉన్న దుమ్ము తుడిచి, ఫోన్ ఎత్తి కింద కూడా తుడిచి, మళ్లీ అక్కడే పెట్టేది.

"నువ్వే చెయ్యొచ్చుగా," అన్నాడు భర్త.

"నేనెందుకు చెయ్యాలి? రానన్నది అది."

"ఫోనుకి కూడా ఎగువా పల్లమూ ఉంటాయా ఏంటి?"

ఆయన చెప్పులు వేసుకుని డ్యూటీకి వెళ్లిపోయాడు.

షెడ్డులో పని మామూలుగానే సాగింది. ఆమె సీట్లు నొక్కుతూనే ఉంది. ఒక్కోసారి గుంట తేలిపోయాక కూడా అక్కడే నిలబడి చూస్తూ ఉండేది. అమ్మా నాన్నల ఇంట్లో అక్కాచెల్లెళ్లు ఒకే మంచం మీద పడుకుని పెరిగారు. ఇప్పుడు ఒక మాట మధ్యలో పడుకుంది. దాన్ని లేపితే ఏమంటుందో తెలియదు. లేపకపోతే చెల్లెలు అలాగే అటు తిరిగి ఉండిపోతుంది. ఇద్దరికీ వయసు మీద పడుతూనే ఉంటుంది.

అలా ఉండగా ఒక పెద్ద విమానం సీట్లు వచ్చాయి. ఆ రకం అంతకుముందు ఆ షెడ్డుకు రాలేదు. వాటిని వేరేచోట చేయించేవారట. ఆమె అలవాటు ప్రకారం పాత తొడుగుల్ని వెలుతురులో పట్టుకుని చూసింది. తొడుగు ఎక్కడ అరిగిందో చూస్తే కొత్తదాన్ని ఎక్కడ గట్టిగా కుట్టాలో తెలుస్తుంది. రెండు వేళ్ల సీట్లు పక్కలకు అరుగుతాయి. జనం హడావిడిగా ఎక్కి, హడావిడిగా దిగుతారు. వీటికి పక్కలు బాగానే ఉన్నాయి. ముందు అంచు అరిగింది. మోకాళ్ల వెనక తగిలే చోట గుడ్డ నునుపెక్కి, పోగులు కనబడుతున్నాయి. చాలాసేపు కూర్చున్నవాళ్లు మెల్లమెల్లగా ముందుకు జరుగుతారు. మళ్లీ వెనక్కి జరుగుతారు. మళ్లీ ముందుకు.

"ఇవెక్కడ తిరిగినవి బాబాయ్?"

బాబాయి స్పాంజి మీద గీత గీస్తున్నాడు. తల ఎత్తకుండానే ఊరి పేరు చెప్పాడు.

అది చెల్లెలి ఊరు.

"పొద్దున అక్కణ్నించి వస్తుందట. మధ్యాహ్నం తిరిగి పోతుందట. కొన్నప్పట్నించీ అదే దారి, గానుగెద్దులాగా."

ఆమె దగ్గరికి వెళ్లి కోసిన స్పాంజి మీద వేళ్లు పెట్టి చూసింది.

"ఇంత మందం కోశావేంటి? రెండు వేళ్లు చాలుగా."

"నాలుగు కొయ్యమన్నారు, నాలుగు కోశా. పాతదీ నాలుగే."

"అది రెండు వేళ్ల ఊరు బాబాయ్. మా చెల్లెలు వచ్చేది దీంట్లోనే. ఎనిమిదింటికి ఎక్కి పదకొండింటికి దిగుతుంది."

"మరి పోయేటప్పుడు?"

"పోయేటప్పుడు తొమ్మిది గంటలు. ఎగువ కదా."

బాబాయి కత్తి కింద పెట్టాడు.

"ఎగువా?"

"మా ఆయన చెప్పారు. ఎదురుగాలి కూడా ఉంటుందిలే."

"ఓహో. అంటే రావడానికి రెండు వేళ్ల సీటు, పోవడానికి అయిదు వేళ్ల సీటు వెయ్యాలన్నమాట. విమానం ఇక్కడ దిగగానే నాకు కబురొస్తుంది. నేను కత్తి పట్టుకుని కంచె దూకి పరిగెత్తుతా. జనం ఎక్కేలోపల స్పాంజి మార్చేసి వస్తా. జీతం మాత్రం ఇంతే."

కత్తెర బల్ల దగ్గరి అమ్మాయి పడీ పడీ నవ్వింది. నిలువక్క కూడా నవ్వింది. నవ్వు సగంలో ఆగిపోయింది.

అదే విమానం. అదే సీటు. వచ్చిన సీటే వెళుతుంది.

ఆమె తన బల్ల దగ్గరికి వచ్చి పాత తొడుగు మళ్లీ చేతిలోకి తీసుకుంది. అరిగిన అంచు మీద బొటనవేలితో రాసింది. బాబాయి కాసేపు చూసి, ఈసారి హాస్యం లేకుండా అడిగాడు.

"మీ చెల్లెలి ఊళ్లో ఇప్పుడు టైమెంత అమ్మాయ్?"

"వాళ్లు మనకన్నా మూడు గంటలు ముందు."

"ఆ పిల్ల ఎనిమిదింటికి ఎక్కినప్పుడు, మన గోడ మీద గడియారంలో?"

ఆమె గోడ వైపు చూసింది.

"అయిదు," అంది.

"అయిదింటినుంచి పదకొండింటిదాకా."

ఆమె వేళ్లు మడిచి లెక్కపెట్టింది. ఆరు. పోయేటప్పుడూ అంతే. అటు వెళుతుంటే గడియారం మూడు గంటలు ముందుకు జరుగుతుంది. తొమ్మిదిలో ఆ మూడూ తీసేస్తే మిగిలేది అదే ఆరు. ఎగువ లేదు. పల్లం లేదు.

ఆమెకు రెండు సంగతులూ ముందునుంచే తెలుసు. చెల్లెలి ఊళ్లో దీపాలు పెట్టేవేళకు ఇక్కడ ఇంకా ఎండ ఉంటుందని తెలుసు. టికెట్టు మీద ఏ టైము ఉంటుందో తెలుసు. ఆ రెండు ముక్కల్నీ ఎప్పుడూ ఒకచోట పెట్టి కుట్టలేదు. కుట్టడం తన పనే.

గుమ్మం పట్టుకుని నిలబడిన చెల్లెలు గుర్తొచ్చింది. ఒక కాలి మీద బరువు. తర్వాత రెండో కాలి మీద. తెల్లవారుతూనే బయలుదేరి, ఆరు గంటలు కూర్చుని వచ్చిన మనిషి. ఆమెకు కుర్చీ నొక్కి చూపించి, కూర్చోలేదని తనే ఎగతాళి చేసింది.

మధ్యాహ్నం తిండివేళ ఆమె డబ్బా తెరవలేదు. ఫోన్ తీసుకుని షెడ్డు వెనక కంచె దగ్గరికి వెళ్లింది. గడ్డి మీద ఎండ పడుతోంది. రన్‌వే చివర ఒక విమానం తిరిగి, నిలబడి, కదిలింది. రోజూ ఆ వేళకు రేకులు అదిరేవి. అది ఎక్కడికి పోతుందో ఎన్నడూ పట్టించుకోలేదు. చప్పుడు తగ్గేదాకా ఆగి నంబరు నొక్కింది.

అటువైపు చక్రం తిరుగుతున్న చప్పుడు. అద్దం అరుగుతున్న చప్పుడు.

"అక్కా? ఈవేళప్పుడు చేశావేంటి? బావ బాగున్నాడా?"

"బాగున్నారు. అక్కడ నాలుగయ్యుంటుంది కదా."

చక్రం ఆగింది. అక్క ఆ ప్రశ్న ఇన్నేళ్లలో అడగలేదు.

"అయింది," అంది చెల్లెలు.

"ఆరు గంటలు పడుతుందటగా."

"ఎవరు చెప్పారు?"

"సీటు."

చెల్లెలికి ఆ మాట అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. తర్వాత నెమ్మదిగా అంది.

"బావకి చెప్పకు. పాపం బాధపడతాడు."

"ఇన్నేళ్లు ఎందుకు చెప్పలేదే చిన్నీ?"

"మొదట్లో తమాషాగా ఉండేది. ఆయన అంత నమ్మకంగా పల్లం, పల్లం అంటుంటే కాదనబుద్ధి కాలేదు. తర్వాత చెబుదామనుకున్నా. అప్పటికే నువ్వు ఊరందరికీ చెప్పేస్తున్నావు, మా చెల్లెలు ఇక్కడికిక్కడే అని. ఇక్కడ నేను ఎప్పుడూ ఎక్కణ్నించో వచ్చినదాన్నే అక్కా. ఇన్నేళ్లయినా అంతే. నీ ఒక్కదానికే నేను దగ్గర. అది చెడగొట్టుకోవడం ఎందుకని ఊరుకున్నా. పైగా తెలిస్తే నువ్వు రానిచ్చేదానివా? 'అంత కష్టపడి రాకే' అనేదానివి."

"అనేదాన్ని."

"చూశావా మరి."

"గుమ్మం పట్టుకుని నిలబడేదానివి."

"నీ కుర్చీ మెత్తగానే ఉండేదిలే. నా ఒళ్లే వినేది కాదు."

"నొప్పి ఎలా ఉంది?"

"ఉంది. అది ఇంక ఎక్కడికీ పోదట. నిలబడి పని చేస్తున్నా. ఈ ముసలమ్మ కోసం బల్ల ఎత్తు పెంచారు."

"ఆ రోజు నేనన్న మాట..."

"ఏ మాట?"

"చిన్నీ."

"విన్నాన్లే అక్కా. చాలారోజులు విన్నా. ఇప్పుడు వినబడట్లేదు."

కంచె తీగ మీద ఆమె వేలు అటూ ఇటూ కదిలింది.

"నేనొస్తా," అంది.

"ఎగువ కదక్కా."

"నోర్ముయ్."

ఇద్దరూ నవ్వారు. ముందు చెల్లెలు ఆపింది.

"నిజంగా అడుగుతున్నా. నువ్వు సినిమా కూడా కూర్చుని చూడవు. ఆరు గంటలు కూర్చోగలవా?"

"చూస్తా."

"మనింట్లో చూస్తా అంటే కాదని అర్థం. అమ్మ కూడా చూస్తా అనే అనేది."

షెడ్డులో గంట కొట్టారు. ఆమె కాదనీ అవుననీ అనకుండా, "రేపు చేస్తా" అని ఫోన్ పెట్టేసింది.

రాత్రి అన్నం దగ్గర భర్తకు చెప్పింది. చెప్పొద్దని చెల్లెలు అన్నదీ చెప్పింది. ఆయన ముద్ద చేతిలో పట్టుకుని విన్నాడు. గడియారాల సంగతి రెండుసార్లు చెప్పించుకున్నాడు. ముఖం చిన్నబోయింది.

"అయితే పల్లం లేదంటావు."

"లేదటండీ."

"ఎదురుగాలి?"

"అది ఉంటుందట. బాబాయి చెప్పాడు. మహా అయితే అరగంట తేడా."

"అరగంటైనా ఉందిగా!" అన్నాడాయన. ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. కాసేపటికి, తల ఎత్తకుండానే అన్నాడు. "నువ్వు వెళ్లు. వంట నేను చూసుకుంటా."

"మీరా?"

"ఎగువ రూట్లో బస్సు నడిపేవాణ్నే. అన్నం ఉడికించలేనా?"

మర్నాడు పొద్దున ఆమె అందరికన్నా ముందు షెడ్డుకు వెళ్లింది. లైటు వేసింది. గోడ పక్కన నిలబెట్టిన వరసల్లో ఒకదాన్ని వెలుతురులోకి జరిపింది. బాబాయి కోసిపెట్టిన నాలుగు వేళ్ల స్పాంజి ఒకటి తీసుకుని చివరి సీటులో అమర్చింది. కొత్త తొడుగుల కట్ట విప్పలేదు. పక్కన పడేసిన పాత తొడుగుల్లోంచి, ముందు అంచు బాగా అరిగినదాన్ని ఏరి తెచ్చింది. వాడి వాడి సాగిన తొడుగు అది. లాగాల్సిన పని లేకుండానే ఎక్కింది. మూలలు సర్దింది. అరచెయ్యి ఆనించి బరువు మోపింది. చెయ్యి తీసింది. గుంట పైకి తేలింది.

పక్క సీటుకు జరగలేదు. కూర్చుంది.

అన్నం డబ్బా ఒళ్లో పెట్టుకుంది. పాదాలు దగ్గరగా పెట్టుకుంది. ఎదురుగా తన బల్ల కనబడింది. కూర్చుని చూస్తే అది చాలా ఎత్తుగా ఉంది.

బాబాయి వచ్చి గుమ్మంలో ఆగాడు.

"ఏమమ్మాయ్! నిలువక్క పేరు ఇంకెవరికైనా ఇచ్చేశావా?"

"మేస్త్రీ అడిగితే పాత తొడుగే అని చెప్పు. ముడత పడితే పడనీ. ఆ తలగడల తొడుగులు ఇటివ్వు బాబాయ్, ఇక్కడే కుడతా."

ఆయన తలగడల తొడుగులు, వంకర సూది, దారం తెచ్చి పక్క సీటులో పెట్టాడు. ఒక్కొక్కరే వచ్చారు. మిషన్లు మొదలయ్యాయి. ఆమె కుడుతూ కూర్చుంది. కొంతసేపటికి ముందుకు జరిగింది. వెనక్కి జరిగింది. మోకాళ్ల వెనక, అరిగిన అంచు సరిగ్గా ఎక్కడ అరిగిందో అక్కడే తగిలింది. నడుం పట్టేసింది. సూది ఆపి పెదవి కొరుక్కుంది.

"లెయ్యి అమ్మాయ్, ఓసారి," అన్నాడు బాబాయి.

"లేవకూడదుగా."

"ఎవరన్నారు? విమానంలో జనం లేస్తారు. మధ్యలో నడవా ఉంటుంది. అటు చివరిదాకా పోయి వస్తారు."

"లేస్తారా?"

"లేస్తారు. మేకులేసి కొట్టరు ఎవర్నీ."

ఆమె డబ్బా సీటు కింద పెట్టి లేచింది. రెండు బల్లల మధ్య దారిలో అటు చివర గడియారం ఉన్న గోడదాకా నడిచింది. గోడ తాకింది. వెనక్కి తిరిగి వచ్చింది. సీటు మీద ఆమె గుంట అప్పటికే పైకి తేలిపోయింది. ఈసారి నొక్కి చూడలేదు. మళ్లీ కూర్చుంది.